అవుట్‌ల్యాండర్ పీహెచ్‌ఈవీ: ఫోన్ వైఫైకి కలుస్తోంది, యాప్‌కి మాత్రం కారు దొరకడం లేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు బెంగళూరులో, మీ అక్కా బావా ఇంగ్లండ్‌లో. పోయిన నెల వాళ్లు 2016 మోడల్ మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ పీహెచ్‌ఈవీ (ప్లగ్-ఇన్ హైబ్రిడ్, అంటే ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ, పెట్రోల్ ఇంజన్ రెండూ ఉన్న కారు) సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. పొద్దున్నే కారు ఎక్కేలోపు హీటర్ వేసుకోవడానికి, రాత్రి ఛార్జింగ్ టైమర్ పెట్టుకోవడానికి దానికో యాప్ ఉంది. మీ బావగారి కొత్త ఫోన్ కారు వైఫైకి కలుస్తోంది, పైన వైఫై గుర్తూ వస్తోంది, యాప్ తెరిస్తే మాత్రం కారు దొరకలేదంటోంది. అక్కడి మెకానిక్ వైఫై మాడ్యూల్ మార్చాలన్నాడు. "నువ్వు సాఫ్ట్‌వేరేగా, నువ్వే చూడు" అని అక్క మీ మీద పడేసింది.

ఆ మాట మా ఇంట్లోనూ రోజూ వినిపించేదే. బెంగళూరులో ఉద్యోగమంటే చాలు, ఊళ్లో బోరు మోటారు స్టార్టర్ దగ్గర్నుంచి అమెరికాలో చుట్టాల ప్రింటర్ దాకా అన్నీ మన ఖాతాలోకే. నా విషయంలో కాస్త న్యాయం ఉందిలెండి. పదమూడేళ్లుగా ఇక్కడ మహదేవపుర వైపు కార్ల ఇన్ఫోటైన్‌మెంట్ (కార్లోని స్టీరియో, తెర, ఫోన్ కనెక్షన్ల) టెస్టింగ్ చేస్తున్నాను. మధ్యలో మూడేళ్లు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు ఇదే కారు నడిపాను.

సూటిగా చెప్పాలంటే, ఇప్పుడే మాడ్యూల్‌కి డబ్బు కట్టొద్దనండి. వైఫైకి కలిసి యాప్‌లో కలవకపోతే ముందు అనుమానించాల్సింది కారును కాదు, ఫోన్‌ను. ఆ కారు వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. లేదని తెలియగానే ఫోన్ మొబైల్ డేటా వైపు తిరుగుతుంది. గుర్తు వైఫైదే కనిపిస్తుంటుంది, యాప్ పంపిన మాట మాత్రం పక్కనే ఉన్న కారుకి పోకుండా మొబైల్ టవర్‌కి పోతుంది. టవర్‌కేం తెలుసు మీ బావగారి హీటర్ సంగతి?

పరీక్ష రెండు నిమిషాల పని. బావగారిని కారు పక్కనే నిలబడి ఫోన్లో మొబైల్ డేటా పూర్తిగా ఆపమనండి. వీపీఎన్ (ఫోన్ పంపేదంతా వేరే సర్వర్ గుండా మళ్లించే ఏర్పాటు) ఉంటే అదీ ఆపాలి. తర్వాత వైఫై జాబితాలో "రిమోట్" అని మొదలయ్యే పేరు ఎంచుకుని కలవాలి. "ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, అయినా ఉండమంటారా" అని ఫోన్ అడిగితే ఉండమనాలి. మళ్లీ అడగొద్దు అనే గడి ఉంటే అదీ టిక్ చెయ్యాలి. అప్పుడు యాప్ పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. కారు దొరికిందా, రోగం తెలిసినట్టే.

ఇక్కడ నేను బోల్తా పడిన సంగతొకటి చెప్పాలి. కోవెంట్రీ నుంచి తిరిగొచ్చాక అక్కడి ఓ మిత్రుడికి ఇదే పరీక్ష వాట్సాప్ కాల్లో చేయించబోయాను. మొబైల్ డేటా ఆపండి అన్నాను. ఆపాడు. కాల్ పోయింది. పది నిమిషాల తర్వాత మళ్లీ చేసి "పనిచెయ్యలేదండీ" అన్నాడు. నాతో మాట్లాడటానికి డేటా వేసి, ఆ తర్వాత యాప్ చూశాడట. కాబట్టి మీ కాల్ అక్క ఫోన్‌కి చెయ్యండి, పరీక్ష బావగారి ఫోన్‌లో చేయించండి. ఇంకోటి, అక్కడ చలికాలమైతే వాళ్ల సాయంత్రం ఆరున్నర మనకు అర్ధరాత్రి. శనివారం వాళ్లకు పొద్దున పదింటికి పెట్టుకుంటే మనకు మధ్యాహ్నం మూడున్నర, ఇద్దరికీ నిద్ర చెడదు.

ఫోన్ ఇలా ఎందుకు చేస్తుందో తెలిస్తే మిగతా సెట్టింగులన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఏ వైఫైకి కలిసినా ఫోన్ ముందు బయటికి ఒక చిన్న పలకరింపు పంపుతుంది. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ సర్వర్‌కి ఓ అభ్యర్థన పంపి 204 అనే జవాబు కోసం చూస్తుంది. ఐఫోన్ ఆపిల్ సర్వర్‌ని అడిగి "సక్సెస్" అనే మాట కోసం చూస్తుంది. ఆ జవాబు రాలేదంటే ఈ వైఫై ఎందుకూ పనికిరాదని తీర్మానించుకుంటుంది. పెళ్లికొచ్చినవాడు భోజనాల్లేవని తెలిసి మెల్లగా జారుకున్నట్టు, మనకు చెప్పకుండానే వెళ్లిపోతుంది. కొన్ని ఫోన్లు వైఫై వదిలేస్తాయి, కొన్ని వైఫైని పట్టుకునే ఉండి పని మాత్రం డేటా మీద చేసుకుంటాయి. మీ బావగారిది రెండో రకం. ఈ రెండో రకమే జనాన్ని ఎక్కువ మోసం చేస్తుంది, గుర్తు కనిపిస్తుంది కాబట్టి.

హోటల్లో, విమానాశ్రయంలో ఈ తెలివి మంచిదే. అక్కడ లాగిన్ పేజీ దాటని వైఫై మీద వేలాడి లాభం లేదు. కారు విషయంలో మాత్రం ఇదే కొంప ముంచుతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ జారుకునే గుణానికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. శాంసంగ్‌లో వైఫై అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో "స్విచ్ టు మొబైల్ డేటా" అని ఉంటుంది, మిగతావాటిలో స్మార్ట్ స్విచ్ లాంటి పేర్లతో వెతకాలి. దాన్ని ఆపాలి. ఐఫోన్‌లో మొబైల్ డేటా పేజీలో కిందదాకా పోతే "వైఫై అసిస్ట్" కనిపిస్తుంది, వైఫై బలహీనంగా ఉంటే డేటాకి మారేది అదే. దాన్నీ ఆపాలి.

ఐఫోన్‌లో దీనికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్, అదే నెట్‌వర్క్‌లో ఉన్న వేరే పరికరాలతో మాట్లాడాలంటే "లోకల్ నెట్‌వర్క్" అనుమతి తీసుకోవాలి. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు అడుగుతుంది. మనం అలవాటుగా "వద్దు" నొక్కేస్తాం. ఒకసారి వద్దన్నాక అది మళ్లీ అడగదు, "కారు దొరకలేదు" అంటూ కూర్చుంటుంది. సెట్టింగుల్లో ప్రైవసీ, అందులో లోకల్ నెట్‌వర్క్, అక్కడ ఆ యాప్ పక్కన మీట వెయ్యాలి. ఆండ్రాయిడ్‌లో దీనికి అన్నలాంటిది లొకేషన్ అనుమతి. ఏ వైఫైకి కలిశామో యాప్ తెలుసుకోవాలంటే ఆండ్రాయిడ్ లొకేషన్ అనుమతి అడుగుతుంది, ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి కూడా. కారుకి నా లొకేషన్ ఎందుకని మనం తిరస్కరిస్తాం. న్యాయమైన అనుమానమే, కానీ ఇక్కడ ఇవ్వక తప్పదు.

ఆఫీసు వీపీఎన్ గురించి విడిగా చెప్పాలి, ఇక్కడ మన బెంగళూరులో నాకు ఎదురయ్యే కేసుల్లో అది మళ్లీ మళ్లీ వస్తుంది. మాన్యతా టెక్ పార్క్‌లో పనిచేసే మిత్రుడొకడు తన కార్లో వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో రావడం లేదని రెండు వారాలు సర్వీస్ సెంటర్ చుట్టూ తిరిగాడు. వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో కూడా వైఫై మీదే నడుస్తుంది. మొదట బ్లూటూత్‌లో పలకరించుకుని, పాటలూ మ్యాపులూ కారు వైఫై మీద పంపుకుంటాయి. వాడి ఫోన్లో ఆఫీసువాళ్లు పెట్టిన వీపీఎన్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, వీపీఎన్ లేని దారిలో ఏదీ పోనివ్వదు. భార్య ఫోన్ పెట్టి చూడమన్నాను. కారు గేటు దాటకముందే కలిసింది. మీ బావగారి ఫోన్లో ఆఫీసు ప్రొఫైల్ ఉంటే ఆయన ఎన్ని సెట్టింగులు మార్చినా లాభం ఉండకపోవచ్చు. అలాంటప్పుడు అక్క ఫోన్‌తో కలపడమే సుఖం.

ఇప్పుడు డేటా ఆపినా, అనుమతులు ఇచ్చినా, వీపీఎన్ తీసేసినా కారు దొరకలేదనుకుందాం. అప్పుడు నేను చూసేది మ్యాక్ అడ్రస్, అంటే వైఫైలో ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్. మీరు "పాత ఫోన్లో ఒకరోజు పనిచేసింది, కొత్త ఫోన్లో రావట్లేదు" అని రాశారు కదా, అందుకే ఇది మీకు బాగా వర్తించేలా ఉంది.

ఈ కారు ఫోన్‌ని గుర్తుపట్టేది ఆ ఫోన్ వైఫై మ్యాక్ అడ్రస్‌ని బట్టి. పాస్‌వర్డ్ తెలిస్తే వైఫైకి ఎవరైనా కలవొచ్చు, కారు మాట వినేది మాత్రం ముందుగా రిజిస్టర్ అయిన ఫోన్లదే. గేటు తీసినంత మాత్రాన వంటింట్లోకి రానివ్వరు కదా, అలాగన్నమాట. 2013లో జపాన్లో ఈ కారు అమ్మకానికి వచ్చేనాటికి ఫోన్ మ్యాక్ అడ్రస్ మారదు, కాబట్టి ఇబ్బంది రాలేదు. 2019లో ఆండ్రాయిడ్ 10, తర్వాతి ఏడాది ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు మనల్ని ఎవరూ వెంబడించకుండా ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపించడం మొదలుపెట్టాయి. ఐఓఎస్ 18లో అయితే ఆ ఉత్తుత్తి అడ్రస్ అప్పుడప్పుడూ మారిపోయే వీలు కూడా పెట్టారు. మనిషి అదే, వేషం వేరు. కారుకి ఎవరో కొత్తవాళ్లు వచ్చినట్టు కనిపిస్తుంది.

నేను దీనికి బలైన తీరు చెప్తే మీరు నవ్వుతారు. కోవెంట్రీలో ఉన్న చివరి చలికాలంలో ఓ రోజు యాప్ మొరాయించింది. టెస్టింగ్ మనిషిని కదా, చేతులు ఊరుకోవు. వైఫై పేరు మీద "ఫర్గెట్" నొక్కి మళ్లీ కలిపాను. ఫోన్ అప్పటికే ఆండ్రాయిడ్ 10కి మారి ఉంది. ముందు సేవ్ అయి ఉన్న వైఫైకి పాత అసలు అడ్రస్సే వాడుతూ వచ్చిన ఫోన్, నేను మరిచిపొమ్మని మళ్లీ కలపగానే కొత్త వేషం కట్టింది. అంతకుముందు వచ్చిన చిన్న తిక్క కాస్తా నా చేతుల మీదుగా పెద్ద తిక్కైంది. కారు స్టీరియోని ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాను, పాటల ఫోల్డర్లన్నీ పోయాయి. స్టీరియోకీ ఈ రిమోట్ వైఫైకీ సంబంధమే లేదని మూడో రోజు గుర్తొచ్చింది. ఆ మూడు రోజులూ పొద్దున్నే కార్డు ముక్కతో అద్దం మీద మంచు గీకుతూ, ఇండియాలో హాయిగా ఉండక ఇక్కడికెందుకొచ్చానా అనుకున్నాను.

దిద్దుబాటు చిన్నదే. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై వివరాల్లో ప్రైవసీ అనే చోట "రాండమైజ్డ్ మ్యాక్" బదులు ఫోన్ అసలు మ్యాక్ ఎంచుకోవాలి. ఐఫోన్‌లో ఆ వైఫై పక్కనున్న "ఐ" గుర్తు నొక్కి ప్రైవేట్ వైఫై అడ్రస్ ఆఫ్ చెయ్యాలి. ఈ ఒక్క వైఫైకి మాత్రమే చెయ్యండి, మిగతావాటికి ఆ రక్షణ అలాగే ఉండనివ్వండి. వరస ముఖ్యం: ముందు మ్యాక్ సరిచేసి, ఆ తర్వాతే ఫోన్‌ని కారులో రిజిస్టర్ చెయ్యాలి. తలకిందులుగా చేస్తే కారు ఉత్తుత్తి అడ్రస్‌ని గుర్తుపెట్టుకుంటుంది.

సెకండ్‌హ్యాండ్ కారు అన్నారు కాబట్టి పాత యజమాని ఫోన్ల సంగతి కూడా. యాప్‌లో కారు వీఐఎన్ నంబర్ (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) రిజిస్ట్రేషన్ రద్దు చేసే అవకాశం ఉంది. అమ్మేముందు జాగ్రత్తపరుడెవరైనా అలా అన్ని ఫోన్లూ తీసేసి ఉంటే ఈ కారు వైఫై నిద్రలోకి పోతుంది, పేరు కూడా కనిపించదు. కారు కీ మీట పదిసార్లు నొక్కితే గానీ లేవదు. ఏ మీట, ఎంత వేగంగా అనేది వాళ్ల మాన్యువల్‌లో ఉన్నట్టే చెయ్యాలి, ఇక్కడ ఊహ పనికిరాదు. మీ కేసులో వైఫై కనిపిస్తోంది, అంటే అందులో ఎవరిదో ఒకరి ఫోన్ ఇంకా రిజిస్టర్ అయి ఉంది. అది పాత యజమానిది కావొచ్చు, మీ బావగారి పాత ఫోన్ కావొచ్చు. నేనైతే పాతవన్నీ తీసేయించి, వైఫైని నిద్రపుచ్చి, మళ్లీ లేపి, కొత్తగా రిజిస్టర్ చేయిస్తాను. అద్దె ఇల్లు మారినప్పుడు తాళం మార్చుకోమా?

ఎక్కడిదాకా వచ్చామో తెలుసుకోవడానికి ఫోన్లో ఒక అంకె చూడమనండి. వైఫై వివరాల్లో ఐపీ అడ్రస్ (ఆ వైఫైలో ఫోన్‌కి దొరికిన చిరునామా) 192.168.8తో మొదలైతే కారు చోటిచ్చినట్టే. కారు తనకోసం 192.168.8.46 ఉంచుకుంటుంది. ఆ అంకె వచ్చి కూడా యాప్ పలకకపోతే అనుమతులో రిజిస్ట్రేషనో అన్నమాట. 169.254తో మొదలైతే ఫోన్‌కి కారు చిరునామాయే ఇవ్వలేదు, సెట్టింగుల్లో ఎంత గింజుకున్నా వృథా. ఇంకేదైనా అంకె, 192.168.1 లాంటిది వస్తే ఫోన్ ఉన్నది కారు వైఫైలో కాదు, ఇంటి వైఫైలో. ఇది విని తేలిగ్గా తీసుకోకండి. కారు ఇంటి ముందే ఆగి ఉంటుంది, ఇంటి వైఫై బలంగా వస్తుంటుంది, ఫోన్ తనకిష్టమైన చోటికి తనే పోతుంది.

అలా పోయిన కేసు ఒకటి మా అపార్ట్‌మెంట్లోనే జరిగింది. బెళ్ళందూర్‌లో మాది రెండంతస్తుల బేస్‌మెంట్ పార్కింగ్. ఒకాయనకు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఉంది, ఛార్జింగ్ పాయింట్ కోసం అసోసియేషన్‌తో ఏడాది పోరాడి సాధించుకున్నాడు పాపం. కారు వైఫై రోజూ సాయంత్రం తెగిపోతోందని నన్ను కిందకి లాక్కెళ్లాడు. ఫోన్లో చూస్తే వైఫై తెగలేదు, వేరేదానికి అతుక్కుంది. ఆయన కొత్తగా పెట్టించుకున్న డ్యాష్‌క్యామ్ కూడా వైఫై ఇస్తుంది. కారు ఆపగానే కాసేపు దాని వైఫై బతికే ఉండేది. వీడియోలు చూసుకోవడానికి ఒకసారి కలిపాడు, ఫోన్ అప్పట్నుంచి దానికే పోతోంది. ఆటో కనెక్ట్ తీసేస్తే అయిపోయింది. మీ బావగారి కార్లో డ్యాష్‌క్యామ్ ఉందేమో అడగండి. ఇంగ్లండ్‌లో చాలామంది పెట్టుకుంటారు.

కారు వైపు తప్పు అసలుండదా అంటే ఉంటుంది, కానీ అప్పుడు కూడా మాడ్యూల్ కంటే ముందు చూడాల్సింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే అందరి దృష్టీ పెద్ద బ్యాటరీ మీదే ఉంటుంది. ఈ 2016 కారులో అది 12 కిలోవాట్ అవర్లు, 2019 మోడల్ నుంచి 13.8. కానీ తాళాలు, లైట్లు, వైఫై, కంప్యూటర్లు నడిచేది పాత కార్లలో ఉండే 12 వోల్టుల బ్యాటరీ మీదే. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, కారు రెడీలో (నడపడానికి సిద్ధంగా ఆన్‌లో) గానీ ఛార్జింగ్‌లో గానీ లేకపోతే చిన్నదానికి కరెంటు రాదు. బీరువా నిండా డబ్బుండి జేబులో ఆటోకి చిల్లర లేనట్టు. చిన్న బ్యాటరీ నీరసిస్తే ఎలక్ట్రానిక్స్ తిక్కతిక్కగా ప్రవర్తిస్తాయి. వైఫై కనిపిస్తుంది, కలుస్తుంది, అంతలో తెగుతుంది, ఒకరోజు బాగుంటుంది, మర్నాడు ఉండదు. సంక్రాంతికి మూడు వారాలు ఊరికొచ్చి కారుని అక్కడ కదపకుండా వదిలేసిన వాళ్లకు ఇది తప్పనిసరి అనుభవం. మల్టీమీటర్ పెట్టి చూస్తే, కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 దగ్గర ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. 12కి దిగిందంటే దాదాపు ఖాళీ. ముందు ఆ బ్యాటరీ సంగతి తేల్చుకుని, తర్వాత వైఫై గురించి మాట్లాడుకోవచ్చు.

దూరం గురించి ఒక్క మాట. మీరు "యాప్ నా ఫోన్లో వేసుకుని ఇక్కడినుంచి చూడొచ్చా" అని అడిగారు. కుదరదు. చాలా కార్ల యాప్‌లు కంపెనీ సర్వర్ ద్వారా, కార్లో ఉన్న సిమ్ ద్వారా పనిచేస్తాయి, బెంగళూరులో కూర్చుని లండన్లో కారు ఏసీ వేయొచ్చు. ఈ కారులో సిమ్ లేదు, సర్వర్ లేదు. ఫోన్‌కీ కారుకీ నేరుగా వైఫై. వైఫై అందేంత దూరమే దాని రాజ్యం. మేడ మీద పడకగదిలోంచి అందకపోవచ్చు, వంటింటి కిటికీ దగ్గరికొస్తే అందొచ్చు. పాత పద్ధతి అని జనం వెక్కిరిస్తారు, నాకు మాత్రం ఇందులో ఓ సుగుణం కనిపిస్తుంది. బ్రిటన్‌లో 2019 మేకి ముందు తయారైన నిస్సాన్ లీఫ్ కార్లకు యాప్ సేవ 2024 ఏప్రిల్ 1న ఆగిపోయింది, అవి ఆధారపడిన 2జీ నెట్‌వర్క్‌కి కాలం చెల్లుతోందని. అవుట్‌ల్యాండర్‌కి ఆ బెడద లేదు. మిత్సుబిషి బ్రిటన్‌లో కొత్త కార్ల అమ్మకం 2021లోనే మానేసినా ఈ వైఫై పనిచేస్తూనే ఉంటుంది, యాప్ కొత్త ఫోన్లలో నడిచినంతకాలం.

ఇక మీరు ప్రశ్నతోపాటు పెట్టిన ఫోటో. దయచేసి అది వెంటనే తీసేయండి. అందులో కారు వైఫై పేరూ పాస్‌వర్డూ రెండూ స్పష్టంగా ఉన్నాయి. 2016 జూన్‌లో పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ అనే బ్రిటన్ భద్రతా సంస్థ ఈ కారు వైఫైనే పరీక్షించింది. పాస్‌వర్డ్ మరీ చిన్నదనీ, నాలుగు గ్రాఫిక్స్ కార్డుల యంత్రంతో నాలుగు రోజుల్లోపే ఛేదించామనీ బయటపెట్టింది. లైట్లు వేయగలిగారు, ఛార్జింగ్ మార్చగలిగారు, అన్నిటికంటే ఘోరం, దొంగతనం అలారం ఆపగలిగారు. అన్ని కార్ల వైఫై పేర్లూ ఒకే తీరులో, రిమోట్ తర్వాత రెండంకెలు, నాలుగు చిన్న అక్షరాలుగా ఉండటంతో, వైఫై పేర్లని మ్యాపులో పెట్టే వెబ్‌సైట్లలో ఈ కార్లు ఎక్కడున్నాయో కూడా కనిపించాయి. నాలుగు రోజులు శ్రమపడి వాళ్లు సంపాదించిన పాస్‌వర్డ్‌ని మీరు ఊరికే ఇచ్చేస్తున్నారు. అప్పట్లో కంపెనీ కూడా జాగ్రత్త కోసం యాప్‌లో వీఐఎన్ రిజిస్ట్రేషన్ రద్దు చేసుకుని వైఫైని నిద్రపుచ్చమని యజమానులకు సలహా ఇచ్చింది. మీ అక్కావాళ్లు డీలర్ దగ్గరికి ఎలాగూ వెళ్తే, ఈ వైఫైకి సంబంధించిన అప్‌డేట్ తమ కారుకి పడిందో లేదో అడగమనండి. నిజానికి వేసవిలో ఈ యాప్‌తో పెద్ద పని ఉండదు, టైమర్ కారు లోపలి తెర మీదే పెట్టుకోవచ్చు. నేనైతే మే నుంచి సెప్టెంబరు దాకా వైఫైని నిద్రపుచ్చే ఉంచేవాణ్ని.

ఇంకో తికమక. మీ ప్రశ్న కింద ఒకరు "బ్లూటూత్‌లో పాటలొస్తున్నాయి కదా, అంటే కారు బాగున్నట్టే" అని రాశారు. ఆ లెక్క ఇక్కడ చెల్లదు. పాటల బ్లూటూత్ స్టీరియోది, యాప్ వైఫై వేరే పెట్టెది. నా మూడు రోజుల కథ గుర్తుంది కదా. అలాగే యాప్ కారును కనిపెట్టి, హీటర్ ఆదేశాన్ని మాత్రం తిరస్కరిస్తే అది వైఫై సమస్య కాదు. తలుపు సరిగా పడలేదా, కారు పూర్తిగా ఆఫ్ అయిందా, పెద్ద బ్యాటరీలో ఛార్జ్ మరీ తక్కువుందా అన్నవి చూసుకోవాలి.

మాడ్యూల్ మార్చాలన్న మెకానిక్‌ని నేను మోసగాడనను. వైఫై కలిసి యాప్ పలకకపోతే చేతికందిన భాగం మార్చడం వాళ్ల దారి. కానీ డబ్బు కట్టేముందు ఆయన్ని రెండు అడగమనండి. వేరే ఫోన్‌తో, వీలైతే ఉత్తుత్తి మ్యాక్ గొడవ లేని పాత ఆండ్రాయిడ్ ఫోన్‌తో ప్రయత్నించారా? 12 వోల్టుల బ్యాటరీ కొలిచారా? ఇంట్లో సొరుగులో మూలుగుతున్న పాత ఫోన్ ఉంటే, సిమ్ కూడా లేకుండా దాన్ని ఈ కారుకే కేటాయించేయొచ్చు. సిమ్ లేని ఫోన్‌కి పారిపోవడానికి మొబైల్ డేటాయే ఉండదు! నేను చివరికి చేసిందదే. తెర పగిలిన పాత ఫోన్ ఒకటి వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టాను. పొద్దున్నే టీ మరిగేలోపు మా ఆవిడే కారు హీటర్ వేసేది.

పరీక్ష చేశాక ఫోన్ మోడల్, ఐపీ అడ్రస్‌లో మూడో చుక్క దాకా ఉన్న సంఖ్యలు, మొబైల్ డేటా ఆపినప్పుడు యాప్ ఏమందో ఇక్కడ రాయండి. ఆదివారం సాయంత్రం చూస్తాను. ఫోటో మాత్రం ఇప్పుడే తీసేయండి.